తెలిసినావిడ

నలభై రెండేళ్ళు వచ్చినా ఆ ఆఫీసులో అందరూ ఆమెని చిన్నమ్మాయి అనే పిలుస్తారు. చేరిన రోజున అందరికన్నా చిన్నది. ఆ తర్వాత కొత్తవాళ్ళెవరూ చేరలేదు కాబట్టి పిలుపు అలాగే ఉండిపోయింది. ఆఫీసంటే మూడు గదులు. మొదటి గదిలో సంపాదకుడు, అందరికీ పెద్దాయన. రెండో గది నిండా చెక్క సొరుగులు, సొరుగుల నిండా కార్డులు. మూడో గదిలో కిటికీ పక్కన చిన్నమ్మాయి బల్ల, దాని మీద ఒక స్కేలు, ఎర్ర పెన్ను, ప్రూఫుల కట్ట. పదమూడేళ్ళుగా వీళ్ళంతా ఒకే పుస్తకం చేస్తున్నారు. ఒక్కో ఇంగ్లీషు మాటా తీసుకుని, దానికి దగ్గరి మాటలన్నీ పోగుచేసి, వాటిలో దేనికి ఎంత తేడా ఉందో చెప్పి, ఆ తేడాకి సరిపోయే తెలుగు మాట రాసి, దాని కింద ఒక వాక్యం పెట్టాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే జుట్టు నెరిసింది.

ఆ వాక్యం దగ్గర పెద్దాయనకి మహా పట్టింపు. కుర్చీలో కూర్చుని అల్లిన వాక్యం ఎంత అందంగా ఉన్నా చెత్తబుట్టలోకే. బయట ఎవరో ఒకరు నిజంగా నోటితో అన్నదే కార్డెక్కాలి. కార్డు పైన మాట, నడుమ వాక్యం, కింద మూల అన్నది ఎవరో రాయాలి. పేరు మాత్రం రాయకూడదు. పాలవాడు, బస్సులో ఒకావిడ, మా అత్తగారు, ఇలా. ఈ అలవాటు వల్ల వాళ్ళతో మాట్లాడాలంటే చుట్టపక్కాలు జంకుతారు. పెద్దాయన భార్య ఆయన్ని నాలుగు చీవాట్లు పెట్టిన తర్వాత, "ఇవి రాసుకోవడానికి కాదు" అని కలుపుతుందట.

సొరుగుల గది మొత్తం కార్డులక్క చేతిలో ఉంటుంది. యాభై దాటిన మనిషి, కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు, నడుం దగ్గర రబ్బరు బ్యాండు వేసిన ఖాళీ కార్డులు. ఎక్కడ ఏ మాట వినబడినా కొప్పులోంచి పెన్సిలు చేతిలోకి వస్తుంది. ఆఫీసులో చిన్నమ్మాయికి మనసు విప్పి చెప్పుకునే మనిషి ఆవిడ ఒక్కతే. మధ్యాహ్నం ఇద్దరూ సొరుగుల గదిలోనే, స్టూళ్ళ మీద కూర్చుని, ఒకరి డబ్బాలోంచి ఒకరు తింటారు.

మంగళవారం పొద్దున ప్రెస్సు నుంచి కొత్త ప్రూఫు షీట్లు వచ్చాయి. ఇంగ్లీషు మొదటి అక్షరంలోనే ఇంకా నలుగుతున్నారు, కానీ ఈ విడతతో అది అయిపోతుంది. చిన్నమ్మాయి చదివే పద్ధతి ఒకటుంది. స్కేలు లైను కింద పెట్టి, కింది లైను కనబడకుండా మూసి, ఒక్కో అక్షరం పెదవుల మీద పలుకుతూ చదువుతుంది. అర్థం పట్టించుకుంటే తప్పులు జారిపోతాయని మొదట్లోనే నేర్చుకుంది. అందుకే "ఆస్క్" అనే మాట కింద మొదటి వాక్యం చదివేటప్పుడు ఆమెకి ఏమీ అనిపించలేదు. ఒత్తులు సరిగా ఉన్నాయో లేదో చూసి స్కేలు జరిపింది.

"మేడ మీద గది ఖాళీగానే ఉందా అని మా అన్నయ్యని మాటవరసకి అడిగాను." చివర చిన్న అక్షరాల్లో, తెలిసినావిడ.

రెండోది "రిక్వెస్ట్", తెలుగులో కోరడం. "నాలుగు నెలలు ఉండనివ్వమని కోరితే, ఆలోచిస్తానని పేపరు తిప్పాడు." తెలిసినావిడ. అక్కడ స్కేలు పట్టుకున్న చెయ్యి ఆగింది. పేపరు తిప్పిన చప్పుడు ఆమెకి తెలుసు. ఆ రోజు అన్నయ్య కాళ్ళు చాపుకుని కూర్చున్న కుర్చీ తెలుసు. స్కేలు తీసేసి కాలమ్ మొత్తం ఒక్కసారే చూసింది. పదమూడేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని.

ఏడు మాటలు, ఏడు వాక్యాలు, ఏడింటి చివరా తెలిసినావిడ. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ మాట బరువెక్కుతుంది, అది ఈ పుస్తకం పద్ధతి. అడగడం, కోరడం, ఆ కింద బతిమాలడం, ప్రాధేయపడడం, యాచించడం, దేబిరించడం. అన్నింటికన్నా కింద "ఇంప్లోర్". "కాళ్ళావేళ్ళా పడి ఏడిస్తే అప్పుడు తాళంచెవి బల్ల మీద పెట్టాడు, చేతికివ్వలేదు." రెండేళ్ళ కింద, భర్త పోయిన మూడో నెలలో, ఉన్న ఇల్లు వదలాల్సి వచ్చి, పిల్లతో ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఆమె పడ్డ రెండు నెలల పాట్లు వరుస తప్పకుండా అక్కడ అచ్చై ఉన్నాయి. సొరుగుల గదిలో స్టూలు మీద కూర్చుని, అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఒక్క మనిషితో చెప్పుకున్న మాటలు. ఒక్క అక్షరం తప్పు లేదు. ఆమె లేచి సొరుగుల గదిలోకి వెళ్ళింది.

"అక్కా, ఆస్క్ కింద వాక్యాలు ఎవరివి?"

కార్డులక్క సొరుగు లోపలికి తోసి ఇటు తిరిగింది. "వచ్చాయా షీట్లు? చూశావా?" అంది. ఆ గొంతులో తప్పుచేసినదాని బెదురు లేదు. బాగుందని చెబుతావా అన్న ఎదురుచూపు ఉంది.

"ఎప్పుడు రాశావు?"

"అప్పుడే రాసుకున్నాను చిన్నీ. నువ్వు మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడల్లా. ఆలస్యమైతే మాట మారిపోతుంది కదా."

"నేను నీకు చెప్పుకున్నానక్కా. నీకు."

"నాకు చెప్పావు కాబట్టే అంత బాగా వచ్చాయి. బయటవాళ్ళెవరైనా అలా విప్పి చెబుతారా?" కార్డులక్క దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "నీ పేరు లేదు, ఊరు లేదు. తెలిసినావిడ అని రాశాను. ఎవరికి తెలుస్తుంది?"

"కార్డులన్నీ మీటింగులో చదువుతారు కదా. ఇవీ చదివారా?"

"చదవకుండా ఎలా?"

"నేనెక్కడున్నాను అప్పుడు?"

కార్డులక్క చెయ్యి భుజం మీంచి జారింది. "నువ్వు ఆ వారం సెలవులో ఉన్నావు. ఇల్లు మారుతున్నావు."

చిన్నమ్మాయికి ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. సెలవు అయి తిరిగి వచ్చిన రోజు టైపిస్టు తన చేతుల కుర్చీ తెచ్చి ఈ బల్ల దగ్గర వేసి, "మీరు ఇందులో కూర్చోండి" అన్నాడు. పెద్దాయన స్వయంగా టీ పంపించాడు. ఆఫీసు తుడిచే ఆవిడ ఏ కారణమూ లేకుండా తల నిమిరింది. ఎంత మంచివాళ్ళో అనుకుని ఆ రోజు కళ్ళు తుడుచుకుంది. వాళ్ళంతా ఆమె కాళ్ళావేళ్ళా పడడాన్ని విని, అది ఇంప్లోర్ కిందికి వస్తుందా, ఎంట్రీట్ కిందికి వస్తుందా అని గంటసేపు తర్జనభర్జన పడి ఉంటారు. చేతులెత్తి ఓటు కూడా వేసి ఉంటారు.

"నేను ఏడుస్తుంటే నువ్వు ఓదార్చడానికి కూర్చున్నావా, మాటలు ఏరుకోవడానికి కూర్చున్నావా? చెప్పక్కా! ఇవాళ చెప్పాల్సిందే!"

ఆమె గొంతు అంత పైకి లేవడం ఆ గోడలు ఎప్పుడూ వినలేదు. పక్క గదిలో టైపు ఆగిపోయింది. కార్డులక్క కుడి చెయ్యి దానంతటది పైకి లేచి, కొప్పు దాకా వెళ్ళి, పెన్సిలుని పట్టుకుంది. ఇద్దరూ ఆ చేతినే చూశారు. కార్డులక్క గబుక్కున చెయ్యి దించింది.

"అలవాటే" అంది.

చిన్నమ్మాయి తన డబ్బా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం మూత తియ్యలేదు. పెట్టెలు మోసుకుని ఆ మేడ మెట్లు ఎక్కిన రోజు వెంట వచ్చి, గది తుడిచి, పిల్లకి జడ వేసి వెళ్ళింది ఈ అక్కే. అది గుర్తుకు రాకుండా ఉంటే బాగుండుననిపించింది. పూర్తిగా చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేది. నిజంగా ఓదార్చిన మనిషే రాసుకుంది, ఆ రెండూ ఒకే చేత్తో చేసింది. ఆమెని కోసేస్తున్నది అదే.

మేడ మీద గది అంతకుముందు అన్నయ్య ట్యూషన్ గది. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. గది వీళ్ళకి ఇచ్చేశాక పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి చెబుతున్నాడు. వాన జల్లు కొట్టినప్పుడు బెంచీలు లోపలికి లాగుతూ, "పైన ఉన్నప్పుడు ఈ బాధ లేదు" అంటాడు, ఎవరినీ ఉద్దేశించనట్టు. అంతే, ఇంకేమీ అనడు. ఆమె మెట్లు దిగేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుంటుంది. నీళ్ళు వాళ్ళు పట్టుకున్నాక పట్టుకుంటుంది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తకపోవడం మీదే ఆ కాపురం నిలబడింది. పదమూడేళ్ళ కూతురికైతే, మామయ్యే రమ్మని పిలిచాడని చెప్పింది. ఈ పుస్తకం వస్తే మొట్టమొదట కొనేది అన్నయ్యే. స్కూలుకి నాలుగు కాపీలు కావాలని ముందే రాయించాడు. తన మాటలు, తన పేపరు, తన తాళంచెవి అచ్చులో చూసుకున్న మనిషి ఆ తర్వాత చెల్లెల్ని ఆ గదిలో ఉండనిస్తాడా? ఆ రాత్రి నిద్రపట్టలేదు.

బుధవారం పెద్దాయన ఆఫీసుకి రాలేదు. గురువారం మధ్యాహ్నం వచ్చాడు. ఆమె షీటు ఆయన ముందు పెట్టి నిలబడింది. చెప్పాల్సినదంతా చెప్పకముందే ఆయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"ఈ పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ అదేనమ్మా. ఎంట్రీ అంటే అలా ఉండాలి."

"నన్ను ఎవరూ అడగలేదండీ."

"అవును. అడగలేదు." ఆయన కాసేపు బల్ల మీది పెన్నులు సర్దాడు. "అక్క నీకు చెప్పే ఉంటుందనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను. అన్న మనిషి వద్దంటే వాక్యం తీసెయ్యాలి, అది మనం పెట్టుకున్నదే. షీట్లు రేపు పదకొండింటికి ప్రెస్సుకి వెళ్ళాలి. ఈలోగా కొట్టేసి ఇవ్వు, నేను సంతకం పెడతాను."

ఆమె ప్రాణం లేచి వచ్చింది. షీటు తీసుకుని తలుపు దాకా వెళ్ళింది.

"బయట చదివేవాళ్ళ కాపీ కూడా తెప్పించుకో" అన్నాడు వెనకనుంచి. "అందులో కూడా కొట్టెయ్యాలి కదా."

ప్రతి విడతా ఒక కాపీని బయట ఎవరో ఒక మాస్టారికి పంపి అభిప్రాయం తెప్పించుకుంటారు. ఎవరికి పంపాలో కార్డులక్క చూసుకుంటుంది. "ఈసారి ఎవరికి వెళ్ళిందండీ?"

"మీ అన్నయ్యకే కదా. సోమవారమే అక్క ప్రెస్సులోనే ఒక కాపీ తీసుకుని, స్కూలుకి వెళ్ళి ఇచ్చొచ్చింది. నీకు చెప్పలేదూ?"

సొరుగుల గదికి వెళ్ళి అడిగితే, కార్డులక్క ఈసారి సొరుగు ముయ్యలేదు, ఇటు తిరగలేదు. "అవును, తెలిసే ఇచ్చాను" అంది కార్డుల మీద వేళ్ళు ఆడిస్తూ. "నువ్వా, ఈ జన్మలో ఆయన్ని ఒక్క మాట అనలేవు. మెట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకుని తిరుగుతున్నావు. అచ్చులో చూసుకుంటే అప్పుడైనా సిగ్గొస్తుందని."

"నా తరఫున అడగమని నీకెవరు చెప్పారు?"

"చెప్పుకోవడానికి నీకు నేను తప్ప ఎవరున్నారు?"

ఉన్న ఒక్కరూ ఇలా చేశారు, అనుకుంది చిన్నమ్మాయి. సంచీ భుజాన వేసుకుంది. మూడున్నరకే ఆఫీసు వదలడం ఆమెకి అదే మొదటిసారి. బస్సులో కూర్చోలేక నిలబడింది. సోమవారం ఇచ్చిన షీట్లు. సోమ, మంగళ, బుధ. ఈ మూడు రోజులూ అన్నయ్య మొహం ఎలా ఉందో గుర్తుచేసుకోబోయింది. మామూలుగానే ఉంది. ఇంకా చదవలేదన్న మాట. స్కూలు నుంచి ఆయన వచ్చేలోపు బల్ల మీంచి తీసెయ్యగలిగితే చాలు. ప్రెస్సువాళ్ళు తిరిగి అడిగారని చెప్పొచ్చు.

గేటు తీసేసరికే ఆయన చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. లోపల్నుంచి ఆయన పాఠం చెప్పే గొంతు వినబడుతోంది.

భోజనాల బల్ల మీద షీట్లు పరిచి ఉన్నాయి. అన్నయ్య ఒక పక్క, ఆమె కూతురు ఒక పక్క కూర్చున్నారు. అటు వంటింట్లో వదిన గిన్నెలు కడుగుతోంది.

"రా రా, సరిగ్గా వచ్చావు" అన్నాడు అన్నయ్య. మొహం వెలిగిపోతోంది. "ఏం పని చేశారే మీవాళ్ళు! ఇన్నాళ్ళూ మూడు గదుల్లో ఏం చేస్తున్నారో అనుకున్నాను. ఈ ఆస్క్ చూడు. ఒక్క మాటకి ఎన్ని ఛాయలో! నీ కూతురికి అర్థం కావడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఊఁ, చదవవే, మూడోది."

పిల్ల వేలు పెట్టి, క్లాసులో చదివినట్టు గట్టిగా చదివింది. "ఎంట్రీట్. బతిమాలడం. మా వదినని బతిమాలితే, స్టవ్ తుడుస్తూనే ఉంది, ఇటు తిరగలేదు. తెలిసినావిడ."

"చూశావా? అడగడం వేరు, బతిమాలడం వేరు. అడిగేవాడికి ఇంకా తలెత్తుకుని ఉండే వీలుంటుంది. బతిమాలేవాడికి ఉండదు. తర్వాతది?"

"ప్లీడ్. ప్రాధేయపడడం. పిల్ల మొహం చూసైనా ఒప్పుకోమని ప్రాధేయపడ్డాను." పిల్ల గొంతు కాస్త తగ్గింది. "తెలిసినావిడ."

చిన్నమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడింది. అన్నయ్య మొహంలోకి చూసింది. ఏదో ఒకటి దొరుకుతుందని వెతికింది, కోపమో, తడబాటో, దాచుకోవడమో. ఏమీ లేదు. మంచి పాఠం దొరికిన మాస్టారి సంతోషం తప్ప ఆ మొహంలో ఇంకేమీ లేదు.

"పాపం, ఎవరో గానీ" అన్నాడు ఆయన, నాలుక చప్పరించి. "ఆ అన్న ఎవడో, మనిషేనా వాడు? తోడబుట్టిందాన్ని అలా ఏడిపిస్తాడా? కాకపోతే ఈ ఆఖరిది నాకు నచ్చలేదే. కాళ్ళావేళ్ళా పడింది, తాళంచెవి చేతికివ్వలేదు, ఇదంతా కొంచెం అతి. ఎవరో కూర్చుని అల్లినట్టుంది. ఇదిగో, పక్కన రాశాను, తీసెయ్యొచ్చని."

మార్జిన్‌లో పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు. "అతి. సహజంగా లేదు."

ఇంతసేపూ ఆయనకి తెలిసిపోతుందని భయపడింది. తెలియకపోవడం ఇంత దెబ్బ కొడుతుందని ఆమె అనుకోలేదు. రెండేళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని ఎవరి కోసం దిగింది? ఎవరికి గుర్తు రాకూడదని గొంతు తగ్గించి బతికింది? ఆ మనిషికి అసలు గుర్తే లేదు. ఆయన లెక్కలో అదేమీ జరగలేదు. చెల్లెలు ఉంటానంది, తను గది ఇచ్చాడు, అంతే.

"అతి కాదన్నయ్యా" అంది. "అలాగే జరిగింది."

"నీకు తెలుసా ఆవిడ?"

ఆమె జవాబు చెప్పేలోపు వంటింట్లో కుళాయి ఆగింది.

"ఆ స్టవ్ తుడిచింది నేనే" అంది వదిన.

ఇటు తిరగకుండానే అంది. తడి చేతులు చీరకి తుడుచుకుంటూ, గోడకేసి చూస్తూ. "మీరు ఆలోచిస్తానన్న మూడోరోజు వచ్చింది, నాలుగింటికి. నా వెనకాల నిలబడి చెప్పింది. తిరిగితే ఒప్పుకోవాల్సి వస్తుందని తుడుస్తూ కూర్చున్నాను. తుడిచిందే తుడిచాను."

పిల్ల వేలు ఇంకా కాగితం మీదే ఉంది. అది వేలు తీసి, తల్లి మొహంలోకి చూసింది. లేచి వచ్చి పక్కన నిలబడింది.

అన్నయ్య షీటు దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదటినుంచి చదివాడు, ఈసారి పైకి కాదు. రెండో వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. తలెత్తినప్పుడు ఆయన మొహం నిజంగా అయోమయంగా ఉంది.

"ఎప్పుడు?" అన్నాడు.

ఆమె సంచీలోంచి ఎర్ర పెన్ను తీసింది. ఆ ఏడు వాక్యాలూ కొట్టెయ్యడానికి పొద్దుటినుంచి వెంట మోస్తున్న పెన్ను. బల్ల మీదికి వంగి, ఆయన మార్జిన్‌లో రాసిన మాటల మీద అడ్డంగా ఒక్క గీత గీసింది. ఆ రెండు నెలలు జరిగాయని చెప్పడానికి ఈ భూమ్మీద ఉన్నది ఆ కాగితం ఒక్కటే. దాన్ని తన చేత్తో తను చెరపదల్చుకోలేదు. షీట్లు నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని, చెప్పులతోనే మెట్లెక్కింది.

శుక్రవారం పదిన్నరకి షీట్లు పెద్దాయన బల్ల మీద పెట్టింది. ఆయన ఆ పేజీ తీసి చూసి, ఆమె వైపు చూసి, సంతకం పెట్టాడు. ఏడు వాక్యాలూ ప్రెస్సుకి వెళ్ళాయి.

మధ్యాహ్నం కార్డులక్క తన స్టూలు మోసుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. డబ్బా తెరిచి ఇటు జరిపింది. "మీ అన్నయ్య ఏమన్నాడు?" అని అడిగింది. చిన్నమ్మాయి తన డబ్బాలోంచి తను తింటోంది.

"నన్ను తిట్టు, పడతాను. ఏమన్నాడో అది చెప్పు చాలు" అంది కార్డులక్క.

చిన్నమ్మాయి చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"చిన్నీ, నీకు దణ్ణం పెడతానే. ఒక్క మాట మాట్లాడు." కార్డులక్క కళ్ళనిండా నీళ్ళు. కొప్పులోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది. నడుం దగ్గరి కార్డులు కూడా తీసి పెట్టింది. ఖాళీ చేతులు రెండూ చూపించింది.

ఆ కన్నీళ్ళు నిజమైనవేనని చిన్నమ్మాయికి తెలుసు. తర్వాతి విడత షీటు ముందుకు లాక్కుని, మొదటి లైను కింద స్కేలు పెట్టింది.